రిపోర్టులన్నీ నార్మల్ అయితే ఈ ఆయాసం ఎక్కడిది?

నెలల తరబడి ఆయాసంతో బాధపడుతున్న మనిషి ఆసుపత్రికి వెళ్తే మామూలుగా జరిగేది ఇదీ. మంచం మీద పడుకోబెట్టి ఈసీజీ తీస్తారు. ఎడమ పక్కకు తిప్పి టూడీ ఎకో చేస్తారు. ఊపిరి బిగబట్టమని ఛాతీ ఎక్స్‌రే తీస్తారు. కుర్చీలో కూర్చోబెట్టి వేలికి పల్స్ ఆక్సీమీటర్ పెడితే 98 చూపిస్తుంది. అన్నీ నార్మల్. ఆ మనిషికి ఆయాసం వచ్చేది మాత్రం మెట్లెక్కేటప్పుడు, నీళ్ల బిందె ఎత్తేటప్పుడు, కదులుతున్న బస్సు కోసం గబగబా నడిచినప్పుడు. సెంటర్ స్టాండ్ మీద నిలబెట్టిన బండిని చూసి ఘాట్ రోడ్డు ఎక్కేస్తుందని చెప్పడం ఎలాంటిదో, కదలకుండా ఉన్నప్పుడు తీసిన కొలతలతో కదిలినప్పుడు వచ్చే బాధను కొట్టిపారేయడం అలాంటిది.

ఆ తర్వాత మాటలు మొదలవుతాయి. గ్యాస్ అంటారు, టెన్షన్ అంటారు, బరువు తగ్గమంటారు, వయసు మీద పడింది కదా అంటారు. వీటిలో ఏదో ఒకటి నిజం కావచ్చు కూడా. కానీ పరీక్షల చీటీ అయిపోయింది కాబట్టి ఆ మాట అనడం వేరు, వెతికి తేల్చి చెప్పడం వేరు. కారణం తెలియని ఆయాసం అని మనం అనుకునేవాటిలో చాలావాటికి కారణం ఉంటుంది. వరసగా వెతికే మనిషే ఉండరు.

ఎందుకు ఉండరు? ఆయాసం ఏ ఒక్క అవయవానికీ చెందిన జబ్బు కాదు కాబట్టి. గుండె, ఊపిరితిత్తులు, రక్తం, కండరాలు, థైరాయిడ్, కిడ్నీలు, గొంతు, మనసు... వీటిలో ఎక్కడ తేడా వచ్చినా మనిషికి తెలిసేది ఒక్కటే, గాలి చాలడం లేదని. మన వైద్యమేమో అవయవాల వారీగా పంచుకుని ఉంది. గుండె డాక్టర్ గుండె బాగుందంటారు. ఊపిరితిత్తుల డాక్టర్ అక్కడా ఏమీ లేదంటారు. పొట్ట డాక్టర్ ఎండోస్కోపీ చేసి కాస్త ఎసిడిటీ ఉందని మాత్ర రాస్తారు. ఎవరి వాటా వరకు వాళ్లు చెప్పింది నిజమే. ఆయాసం మాత్రం ఎవరి వాటాలోకీ రాకుండా మిగిలిపోతుంది.

నెలకు మించి ఉంటే దాన్ని దీర్ఘకాలిక ఆయాసంగా లెక్కేస్తారు. ఎక్కువమందిలో కారణాలు పెద్ద విచిత్రమైనవేమీ కావు. ఉబ్బసం, సీఓపీడీ (పొగ, కాలుష్యం వల్ల ఊపిరి గొట్టాలు శాశ్వతంగా ఇరుకయ్యే జబ్బు), ఊపిరితిత్తులు గట్టిపడే జబ్బులు, గుండె బలహీనపడటం, రక్తహీనత, అధిక బరువు, చాలాకాలం కదలకపోవడం వల్ల ఒళ్లు పట్టు తప్పడం. ఇబ్బంది ఎక్కడంటే, ఇవి ఒక్కొక్కటిగా రావు. రెండు మూడు కలిసి వస్తాయి. ఒక్కోదాన్ని విడిగా చూస్తే స్వల్పంగానే కనిపిస్తుంది, అన్నీ కలిస్తే మనిషిని కూలేస్తాయి. ఒకే ఒక్క కారణం కోసం చూసేవాళ్లకు అందుకే ఏదీ దొరకదు.

మా పిన్ని సంగతి చెప్తాను. ఏ డాక్టర్ దగ్గరికి వెళ్లినా "ఆయాసం ఎలా ఉందమ్మా?" అని అడిగితే "ఇప్పుడు పర్లేదండీ" అనేది. బాబాయి పక్కన కూర్చుని "మందులు వాడాక తగ్గిందండీ" అని వత్తాసు పలికేవాడు. చివరికి ఒక లేడీ డాక్టర్ ఆ ప్రశ్న వదిలేసి, "ఇంతకు ముందు చేస్తూ ఇప్పుడు మానేసిన పనులేంటి?" అని అడిగారు. అప్పుడు ఒక్కోటీ బయటికొచ్చాయి. వడియాలు పెట్టడానికి డాబా మీదికి వెళ్లడం మానేసింది. పై అరలో ఉండే డబ్బాలన్నీ కిందికి దింపించుకుంది. స్నానానికి బకెట్ నీళ్లు కోడలు పెడుతోంది. గుడి మెట్ల దగ్గరే నిలబడి దణ్ణం పెట్టుకుని వచ్చేస్తోంది. ఆయాసం తగ్గలేదు, ఆయాసం వచ్చే పనులు తగ్గిపోయాయి. బాబాయికి కూడా ఇవన్నీ కలిపి చూస్తే ఏమిటో అప్పుడే అర్థమైంది. ఆ తర్వాత తేలింది రెండు విషయాలు. హీమోగ్లోబిన్ 8 మాత్రమే ఉంది, అంటే రక్తహీనత. దాంతోపాటు ఎప్పుడూ పిల్లికూతలు రాని రకం ఉబ్బసం ఉంది. ఆ 8 అంకె అంతకు ముందు రిపోర్టుల్లోనూ ఉంది. అంతమంది చూసినా దాన్ని ఆయాసంతో కలిపి ఎవరూ చదవలేదు.

ఈ ప్రశ్నలకు ఒక శాస్త్రీయమైన కొలత కూడా ఉంది. గత శతాబ్దం మధ్యలో వేల్స్ బొగ్గుగని కార్మికులను పరిశీలించిన బ్రిటన్ డాక్టర్లు రూపొందించిన స్కేల్ అది, ఇప్పటికీ ప్రపంచమంతా వాడుతోంది. బాగా కష్టపడితేనే ఆయాసం వస్తుందా, గబగబా నడిస్తే వస్తుందా, సమతలం మీద తోటి వయసువాళ్లతో సమానంగా నడవలేకపోతున్నారా, వంద మీటర్లకే ఆగాల్సి వస్తోందా, బట్టలు మార్చుకోవడానికే రొప్పు వస్తోందా. రెండు నిమిషాల్లో అడిగేయొచ్చు, పైసా ఖర్చు లేదు. మన ఓపీ చీటీల్లో మాత్రం ఇది రాసి ఉండటం ఎంత అరుదో!

రక్తహీనత గురించి ఇంకాస్త చెప్పాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. సగానికి పైగా ఆడవాళ్లలో ఉంది కాబట్టి అది మామూలే అన్న భావన డాక్టర్లలోనూ, ఇళ్లలోనూ స్థిరపడిపోయింది. నెలసరిలో రక్తం ఎక్కువగా పోతోందా అని అడగకుండానే ఐరన్ మాత్రలు రాసి పంపేస్తారు. శ్రీకాకుళం ఉద్దానం ప్రాంతంలోనైతే రక్తహీనత, ఆయాసం కలిసి కనిపిస్తే కిడ్నీల వైపు కూడా చూడాలి. అక్కడి కిడ్నీ జబ్బు కాళ్లవాపులు లేకుండానే చాలా దూరం వెళ్లిపోతుంది.

ఇక ఊపిరితిత్తులు. సిగరెట్ తాగని ఆడమనిషికి సీఓపీడీ ఏంటని చాలామంది అనుకుంటారు. 2016 నాటి అంచనాల్లో, మన దేశంలో సీఓపీడీ వల్ల జరిగే ఆరోగ్య నష్టంలో 53.7 శాతం వాయు కాలుష్యం వల్ల, 25.4 శాతం పొగాకు వల్ల అని తేలింది. వాయు కాలుష్యం అంటే రోడ్డు మీది పొగ ఒక్కటే కాదు, పొయ్యి పొగ కూడా. ఇవాళ ఇంట్లో గ్యాస్ సిలిండర్ ఉన్నా, చిన్నప్పటి నుంచి పాతికేళ్లు కట్టెల పొయ్యి ముందు కూర్చున్న ఊపిరితిత్తులు అవే కదా. "మీరు సిగరెట్ తాగుతారా?" అని అడిగి ఊరుకుంటే ఆమె చరిత్ర ఎక్కడా నమోదు కాదు.

ఇంకో ప్రశ్న, ఇంట్లో కూలర్ ఉందా? వింతగా అనిపించినా చాలా అవసరమైన ప్రశ్న అది. 19 నగరాల్లో 27 ఆసుపత్రుల నుంచి 1,084 మంది రోగుల వివరాలు సేకరించిన జాతీయ రిజిస్ట్రీ ఫలితాలు 2017లో వచ్చాయి. ఊపిరితిత్తులు గట్టిపడే జబ్బులున్న వాళ్లలో 47 శాతం మందికి హైపర్‌సెన్సిటివిటీ న్యుమోనైటిస్ ఉంది. అంటే పీల్చే గాలిలో ఉన్న బూజు, పక్షుల రెట్టల్లాంటి వాటికి ఊపిరితిత్తులు వాచిపోవడం. వాళ్లలో దాదాపు సగం మంది ఎయిర్ కూలర్ల గాలి పీల్చినవాళ్లే. వేసవి పోయాక కూలర్లో నీళ్లు అలాగే వదిలేసి, మళ్లీ మార్చిలో అదే గడ్డి ప్యాడ్‌తో స్విచ్ వేసే ఇళ్లు మన ఊళ్లలో ఎన్ని లేవు? బాల్కనీలో పావురాలు గూళ్లు కట్టుకున్న అపార్ట్‌మెంట్లు ఎన్ని లేవు? ఈ జబ్బు తొలి దశలో ఎక్స్‌రే నార్మల్‌గానే ఉండొచ్చు, ఊపిరితిత్తులను సన్నటి పొరలుగా చూపించే సీటీ స్కాన్, హెచ్‌ఆర్‌సీటీలో కనిపిస్తుంది. ఎక్స్‌రేలో ఏదైనా మచ్చ కనిపిస్తే మాత్రం కళ్లె పరీక్షలో ఏమీ లేకున్నా టీబీ మందులు మొదలుపెట్టేయడం మన దగ్గర కొత్త కాదు. అలా నెలలు గడిచిపోతాయి, ఊపిరితిత్తి గట్టిపడుతూనే ఉంటుంది.

పని గురించీ అడగాలి. జిన్నింగ్ మిల్లులో పనిచేసే మనిషికి వారాంతపు సెలవు తర్వాత మొదటి రోజు ఛాతీ పట్టేసినట్టు ఉంటే అది పత్తి ధూళి వల్ల వచ్చే జబ్బు కావచ్చు. క్వారీల్లో, స్టోన్ క్రషర్లలో పనిచేసినవాళ్లకు రాతి ధూళి వల్ల వచ్చే సిలికోసిస్ పని మానేసిన చాలా ఏళ్లకు కూడా బయటపడుతుంది. ఫైలేరియా ఉన్న ప్రాంతాలవాళ్లకు రాత్రిళ్లు దగ్గు, ఆయాసం వస్తుంటే రక్తంలో ఈసినోఫిల్స్ అనే తెల్లకణాల లెక్క చూడాలి. అది మూడు వేలు దాటితే ఫైలేరియా పురుగుల వల్ల ఊపిరితిత్తులు దెబ్బతినే ట్రాపికల్ ఈసినోఫీలియా అనుమానించాలి, ఫైలేరియాకు ఇచ్చే డీఈసీ మాత్రలతో చాలావరకు తగ్గిపోతుంది. స్టెంట్ వేశాక ఇచ్చే టికాగ్రెలార్ మాత్ర కొందరిలో ఆయాసం తెస్తుంది. అది గుండె మళ్లీ పాడవుతోందన్న భయంగా మారి ఇంటిల్లిపాదీ నిద్రలేకుండా గడుపుతారు. మాత్రను సొంతంగా ఆపకూడదు, డాక్టర్‌ను అడిగి మార్పించుకోవచ్చు.

ఉబ్బసాన్ని, సీఓపీడీని తేల్చే ముఖ్యమైన పరీక్ష స్పైరోమెట్రీ. చూడ్డానికి చాలా తేలిక. ముక్కుకు క్లిప్పు పెట్టి, గొట్టం నోట్లో పెట్టి, గుండెల నిండా గాలి పీల్చుకుని ఒక్కసారిగా ఊదాలి. ఊపిరితిత్తులు ఖాళీ అయ్యేదాకా, ఆరు సెకన్ల పాటు ఆపకుండా. టెక్నీషియన్ పక్కన నిలబడి "ఊదండి, ఊదండి, ఇంకా ఇంకా, ఆపొద్దు" అని అరుస్తుంటారు. నలుగురి ముందు అలా ఊదడానికి సిగ్గుపడే ఆడవాళ్లు, దగ్గొచ్చి మధ్యలో ఆగిపోయే పెద్దవాళ్లు ఉంటారు. ఓపిగ్గా నేర్పించి మూడు నాలుగుసార్లు చేయిస్తేనే ఫలితం నమ్మదగ్గది. తొందరలో చేస్తే ఆ కాగితానికి విలువ లేదు. పంపు (ఇన్‌హేలర్) మందు పీల్పించి పావుగంట ఆగి మళ్లీ చేస్తేగానీ ఉబ్బసం సంగతి తెలియదు. ఆ రెండో సగం చేయకుండానే ఎన్ని రిపోర్టులు బయటికి వస్తున్నాయో!

ప్రపంచ ఉబ్బసం రోగుల్లో సుమారు 13 శాతం మన దేశంలో ఉంటే, ఆ జబ్బుతో చనిపోతున్నవాళ్లలో 40 శాతానికి పైగా మనవాళ్లేనని 2019 నాటి అంతర్జాతీయ అంచనాలు చెబుతున్నాయి. జబ్బు తేలకపోవడం, తేలినా పంపు అలవాటైపోతుందన్న భయంతో వాడకపోవడం ఇందులో పెద్ద భాగం. మృగశిర కార్తె రోజున నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో చేపమందు కోసం రాత్రంతా క్యూలో నిలబడేవాళ్లను తప్పుపట్టే ముందు ఒక్కటి ఆలోచించాలి. ఎన్ని ఆసుపత్రులు తిరిగితే, ఎన్ని చోట్ల "మీకేం లేదు" అనిపించుకుంటే ఒక మనిషి రాష్ట్రాలు దాటి ఆ క్యూలోకి వస్తాడు? ఆ మైదానం పక్కనే స్పైరోమీటర్లు పెట్టి పరీక్షలు చేస్తే ప్రభుత్వానికి పెద్ద ఖర్చేమీ కాదు.

గుండె విషయంలో ఇంకో చిక్కుంది. ఎకోలో ఈఎఫ్ 60 శాతం వస్తే గుండె భేష్ అని ఇంటికి పంపిస్తారు. ఈఎఫ్ చెప్పేది గుండె ఎంత బాగా ముడుచుకుంటోందో మాత్రమే. సరిగ్గా వదులు కాలేక ఊపిరితిత్తుల్లో ఒత్తిడి పెంచే గుండెకు కూడా ఈఎఫ్ మామూలుగానే ఉంటుంది. బీపీ, షుగర్, లావు ఉన్న పెద్దవాళ్లలో ఇది ఎక్కువ. గుండె మీద పడే ఒత్తిడిని పసిగట్టే బీఎన్‌పీ రక్తపరీక్ష కొంత దారి చూపిస్తుంది. ఊపిరితిత్తుల రక్తనాళాల్లో ఒత్తిడి పెరిగే పల్మనరీ హైపర్‌టెన్షన్ అయితే, విదేశీ రిజిస్ట్రీల్లోనే లక్షణాలు మొదలైన రెండేళ్ల దాకా బయటపడటం లేదు. ఆరు నిమిషాల నడక పరీక్షకు కావాల్సింది ఒక వరండా, ఒక ఆక్సీమీటర్, ఒక గడియారం. కూర్చున్నప్పుడు 98 ఉన్న ఆక్సిజన్ నడిచాక 88కి పడిపోతే, ఆ మనిషికి టెన్షన్ అని చెప్పే ధైర్యం ఎవరికీ ఉండదు.

టెన్షన్ గురించి కూడా నిజాయతీగా మాట్లాడుకోవాలి. ఊపిరి తీసే తీరే గాడి తప్పడం అనేది నిజంగా ఉంది, కోవిడ్ తర్వాత చాలామందిలో చూశాం. ఛాతీ పైభాగంతో గబగబా పీల్చడం, మాటిమాటికీ నిట్టూర్పులు, వేళ్లు తిమ్మిర్లెక్కడం, నిండా గాలి అందలేదన్న భావన. ఎక్కువగా ఊపిరి వదలడం వల్ల రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి వచ్చే బాధలు ఇవి, ఊహలు కావు. నైమెగన్ ప్రశ్నావళి అని 16 ప్రశ్నలతో దీన్ని పసిగట్టే పద్ధతి ఉంది, శ్వాస తీరును సరిదిద్దే ఫిజియోథెరపీ ఉంది. అసలైన ఉబ్బసం ఉన్న మనిషికే ఇదీ తోడవ్వొచ్చు. "మీ ఊపిరి తీరులో తేడా ఉంది, దీనికి శిక్షణ ఇస్తాం" అనడానికీ "అంతా మీ మనసులోనే ఉంది" అనడానికీ మధ్య ఒక మనిషి బతుకు ఉంది. రెండో మాట విన్నవాళ్లు మళ్లీ ఆసుపత్రి గడప తొక్కరు, నిజంగా ప్రమాదం వచ్చినా తొక్కరు.

అన్నీ చూసినా కొందరికి కారణం తేలదు. తేలేదాకా ఆయాసాన్ని అలా వదిలేయాల్సిన పని మాత్రం లేదు. ముఖానికి దగ్గరగా చిన్న చేతి ఫ్యాన్ పెట్టుకుంటే చాలామందికి ఆయాసం సర్దుకుంటుందని పరిశోధనల్లో తేలింది, బుగ్గల మీద తగిలే గాలి మెదడుకు ఊరటనిస్తుంది. పెదాలు సున్నాలా చుట్టి నెమ్మదిగా వదలడం, ముందుకు వాలి చేతులు ఆనించి కూర్చోవడం కూడా పనికొస్తాయి. అన్నిటికంటే ముఖ్యం కదలడం మానకపోవడం. భయపడి మానేస్తే కండరాలు ఇంకా బలహీనపడి, తక్కువ పనికే ఎక్కువ ఆయాసం వస్తుంది. పల్మనరీ రిహాబిలిటేషన్ పేరుతో ఇదంతా క్రమంగా నేర్పించే కేంద్రాలు మన దగ్గర పెద్ద నగరాల్లోనే కొద్దిగా ఉన్నాయి.

ఆరోగ్యశ్రీ ప్రధానంగా ఆసుపత్రిలో చేరాక జరిగే చికిత్సకే డబ్బు ఇస్తుంది. జబ్బేమిటో తేల్చే దశలో ఖర్చు చాలావరకు రోగిదే, ఆయాసం రోగి డబ్బంతా పోయేది ఆ దశలోనే. ఊళ్లలో బీపీ, షుగర్ చూస్తున్న ఆరోగ్య సిబ్బంది చేతనే మెట్ల ప్రశ్న, పొయ్యి ప్రశ్న అడిగించి, ప్రతి ఏరియా ఆసుపత్రిలో స్పైరోమెట్రీ నేర్చిన టెక్నీషియన్‌ను ఒక్కరిని పెట్టినా చాలామంది ఈ తిరుగుడు నుంచి బయటపడతారు. అప్పటిదాకా రోగులే కొంత పని చేసుకోక తప్పదు. మానేసిన పనులు, ఆయాసం ఏ వేళలో ఏ భంగిమలో వస్తుందో, చేసిన ఉద్యోగాలు, ఇంట్లో పొగ, కూలర్, పక్షులు, వాడుతున్న మందులు ఒక కాగితం మీద రాసుకెళ్లండి. ఆయాసం వచ్చినప్పుడు ఇంట్లోవాళ్లతో ఫోన్లో వీడియో తీయించండి. అన్ని రిపోర్టులూ కలిపి చూసే ఒక్క ఫిజీషియన్‌ను పట్టుకుని ఆయన్నే అంటిపెట్టుకోండి. ఆయాసం ఉన్నట్టుండి పెరిగినా, ఛాతీ నొప్పి వచ్చినా, ఒక కాలు వాచినా, కళ్లెలో రక్తం పడినా, పెదాలు నీలంగా మారినా, ఒక వాక్యం పూర్తిచేయలేకపోతున్నా ఈ వెతుకులాట పక్కనపెట్టి వెంటనే 108కి ఫోన్ చేయండి.