సికిల్ సెల్‌కి "ఒక్క సూది" మెసేజ్: గోలీలు ఆపకండి

గడ్చిరోలి జిల్లా సిరొంచ, అహేరి వైపు మన వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. "సికిల్ సెల్‌కి మందు దొరికింది. ఒక్క సూది చాలు. ఇక రోజూ గోలీలు వద్దు, పెళ్లికి ముందు రక్తపరీక్షా వద్దు" అని. సికిల్ సెల్ అంటే ఎర్రరక్తకణాలు కొడవలిలా వంగిపోయి తీవ్రమైన నొప్పి తెచ్చే, తల్లిదండ్రుల నుంచి వచ్చే రక్తజబ్బు. మా చెల్లెలు ఆ మెసేజ్ నమ్మి, ఆ జబ్బున్న కొడుక్కి గోలీలు ఆపేసింది. కొన్ని వారాలకే ఒక రాత్రి వాడు మోకాళ్లు పట్టుకుని మెలికలు తిరిగిపోయాడు. దుప్పటి తగిలినా అరిచాడు.

మందు దొరికిందన్నది నిజమే. జన్యువును సవరించే క్యాస్‌జెవీ అనే చికిత్సకు 2023 నవంబర్‌లో బ్రిటన్, డిసెంబర్‌లో అమెరికా అనుమతి ఇచ్చాయి. చాలినంత కాలం గమనించిన 31 మందిలో 29 మందికి వరుసగా 12 నెలలైనా తీవ్రమైన నొప్పి రాలేదు. చాలా గొప్ప సంగతి.

కానీ అది ఒక్క సూది కాదు. రోగి ఒంట్లో రక్తాన్ని తయారుచేసే మూలకణాలను బయటికి తీసి, ల్యాబ్‌లో సవరించి, గట్టి కీమోథెరపీతో ఎముక మజ్జను ఖాళీ చేశాక మళ్లీ ఎక్కిస్తారు. వారాల తరబడి ఆసుపత్రిలో ఉండాలి. అమెరికాలో ధర 22 లక్షల డాలర్లు. "నయం" అన్న మాటను హెడ్డింగులో పెట్టి ఇదంతా వదిలేస్తేనే ఇలాంటి మెసేజ్‌లు పుడతాయి.

గోలీలు ఆపమనడం అన్నిటికన్నా ప్రమాదం. కడుపులో బిడ్డకు ఉండే హిమోగ్లోబిన్ వేరు, పుట్టిన కొన్ని నెలల్లో అది తగ్గిపోతుంది. అది ఎక్కువగా ఉంటే ఎర్రకణాలు కొడవలిలా వంగడం తగ్గుతుంది. ఆ ఖరీదైన చికిత్స చేసేది దాన్ని మళ్లీ పుట్టించడమే. మా వాడు మింగే హైడ్రాక్సీయూరియా గోలీ కూడా దాన్నే పెంచుతుంది, కాకపోతే అంత ఎక్కువగా కాదు, వాడినన్నాళ్లే.

ఇక పెళ్లి మాట. ఆ చికిత్స మార్చేది రక్తాన్ని తయారుచేసే కణాలనే. అండం, వీర్యకణం మారవు. కాబట్టి నయమైన మనిషి నుంచి కూడా సికిల్ జన్యువు పిల్లలకు వెళ్తుంది. మా చెల్లెలికీ, వాడి నాన్నకీ ఏనాడూ ఏ బాధా లేదు. ఇద్దరూ క్యారియర్లని, అంటే జబ్బు లేకున్నా ఒక్కో సికిల్ జన్యువు మోస్తున్నారని, వాడికి జబ్బు బయటపడ్డాకే తెలిసింది. అలాంటి జంటకు ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే ప్రమాదం నాలుగింట ఒక వంతు ఉంటుంది. ముందు పిల్లలు మంచిగా పుట్టారని ఆ లెక్క తగ్గదు. 2023 జులైలో మొదలైన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన మిషన్ కింద 40 ఏళ్ల లోపు వాళ్లకు పరీక్ష చేస్తున్నారు. చేయించుకోండి.

మెసేజ్ చూసి గోలీలు ఆపినవాళ్లుంటే వెంటనే డాక్టర్‌ని కలవండి. రక్తకణాల లెక్క చూసి, మళ్లీ ఎంత మోతాదుతో మొదలుపెట్టాలో చెబుతారు.