ఇంటర్ పిల్లలకు పని అనుభవం: పెద్ద ఫ్యాక్టరీల్లో కాదు, ఊళ్లోనే

పదో తరగతి, ఇంటర్ పరీక్షలు మార్చి, ఏప్రిల్ నెలల్లో ముగుస్తాయి. ఆ తర్వాత పదో తరగతి రాసినవారికి జూన్‌లో కాలేజీలు తెరిచేదాకా దాదాపు రెండు నెలలు, ఇంటర్ రాసినవారికి ఆన్‌లైన్ ప్రవేశాల విధానం ‘దోస్త్’లో డిగ్రీ సీటు ఖరారయ్యేదాకా అంతకన్నా ఎక్కువే ఖాళీ దొరుకుతుంది. నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు ఈ ఖాళీ రెండు రకాలుగా గడుస్తోంది. ఫీజు కట్టగలిగిన ఇళ్ల పిల్లలు ఎప్‌సెట్ కోచింగుకో, సెలవుల్లో తరగతులు పెట్టవద్దని ఇంటర్ బోర్డు చెబుతున్నా ఆగని బ్రిడ్జి క్లాసులకో వెళుతున్నారు. కట్టలేని ఇళ్ల పిల్లలు పొలం పనికో, ట్రాక్టరు మీదికో, పట్నంలో ఏదైనా దుకాణానికో పోతున్నారు. మొదటివారికి పని అంటే ఏమిటో తెలియదు. రెండోవారికి తెలిసిన పనిని ఎవరూ చదువు కింద జమకట్టరు. డిగ్రీ అయ్యాక ఇద్దరూ ఒకే ఇంటర్వ్యూలో తడబడటానికి మూలం చాలావరకు ఈ సెలవుల్లోనే ఉంది.

పదహారేళ్ల పిల్లలకు పని అనుభవం కావాలని ఈ ప్రాంతంలో అంటే అనుమానంగా చూసేవారు ఉంటారు, చూడాలి కూడా. పాలమూరు పత్తి విత్తన చేలల్లో పువ్వుల క్రాసింగ్ (చేత్తో పరాగ సంపర్కం) కోసం ఆడపిల్లలను బడి మాన్పించి పెట్టుకున్న రోజులు మరీ పాతవేమీ కావు. రంగారెడ్డి జిల్లా పల్లెల్లో పిల్లలను పని నుంచి బడికి మళ్లించిన కృషికే శాంతా సిన్హాకు 2003లో మెగసెసే పురస్కారం వచ్చింది. అలా సాధించుకున్నదాన్ని ‘నైపుణ్యం’ పేరుతో చేజార్చుకోకూడదు. చట్టం గీత స్పష్టంగానే గీసింది. 1986 నాటి బాల కార్మిక చట్టానికి 2016లో చేసిన సవరణ ప్రకారం పద్నాలుగేళ్లు నిండనివారిని, ఒకటి రెండు మినహాయింపులు తప్ప, ఏ పనిలోనూ పెట్టుకోకూడదు. పద్నాలుగు నిండి పద్దెనిమిది నిండనివారిని ప్రమాదకరం కాని పనుల్లో పెట్టుకోవచ్చు గాని విరామంతో కలిపి రోజుకు ఆరు గంటలు మించరాదు, మూడు గంటల పని తర్వాత కనీసం గంట విశ్రాంతి ఇవ్వాలి, రాత్రి 7 నుంచి ఉదయం 8 దాకా పని చేయించరాదు, ఓవర్‌టైం కుదరదు, వారానికొక సెలవు తప్పదు. రాత్రి పదింటి దాకా షట్టరు దించని కిరాణా, మొబైల్ దుకాణాల సేఠ్‌లలో ఈ నిబంధనల మాట విన్నవారు ఎందరో చెప్పనక్కరలేదు.

పని అనుభవం అనగానే అధికారులు పెద్ద పరిశ్రమల వైపు చూస్తారు. జడ్చర్ల దగ్గర పోలేపల్లి సెజ్‌లో మందుల కంపెనీలున్నాయి, హుజూర్‌నగర్, వాడపల్లి వైపు సిమెంటు ఫ్యాక్టరీలున్నాయి, దామరచర్ల మండలం వీర్లపాలెంలో 4,000 మెగావాట్ల యాదాద్రి థర్మల్ కేంద్రం ఉంది. చిక్కేమిటంటే, ఔషధాలు, సిమెంటు, విద్యుదుత్పత్తి మూడూ ప్రమాదకర ప్రక్రియలున్న పరిశ్రమల జాబితాలోనే ఉన్నాయి. ఆ ప్రక్రియల్లో పద్దెనిమిది నిండనివారిని పెట్టుకోవడానికి వీల్లేదు. కాబట్టి కాలేజీ పిల్లలకు అక్కడ దక్కేది ఒక పూట సందర్శన, గేటు ముందు గ్రూపు ఫొటో. నేర్చుకోవడానికి చిన్న చోట్లే వెతుక్కోవాలి.

నా లెక్కలో వాటన్నిటిలో అనువైనది ధాన్యం కొనుగోలు కేంద్రం. సాగర్ ఎడమ కాలువ కింద, బోర్ల కింద యాసంగి వరి కోతకు వచ్చేదీ, మహిళా సంఘాలు నడిపే ఐకేపీ కొనుగోలు కేంద్రాలు తెరిచేదీ సరిగ్గా ఈ సెలవుల్లోనే. రైతు పోసిన కుప్పలోంచి గుప్పెడు గింజలు తీసి తేమ మీటరులో వేస్తారు. 17 శాతం దాటితే ఇంకా ఆరబెట్టమంటారు. తాలు చూస్తారు, టోకెన్ రాస్తారు, గోనె సంచులు లెక్కపెట్టి ఇస్తారు. హమాలీలు కాంటా పెట్టాక బస్తాల సంఖ్య రాసుకుంటారు, లారీ నిండాక అందులోని సరుకు వివరాలతో ట్రక్ షీట్ రాస్తారు, మిల్లు నుంచి వచ్చిన లెక్కతో సరిచూసి వివరాలు ట్యాబ్‌లో ఎక్కిస్తారు. బ్యాంకు ఖాతా నంబరులో ఒక్క అంకె తప్పినా ఆ రైతు డబ్బు ఆగిపోతుంది. మిల్లులో తరుగు కింద బస్తాకింత అని కోస్తే ఆ కోపమంతా ముందు కేంద్రం మీదే పడుతుంది. “బిడ్డా, నా లెక్క మళ్లొక్కసారి సూడు” అంటూ చీటీ పట్టుకొచ్చిన పెద్దాయనకు విసుక్కోకుండా విడమరచి చెప్పాలి. లెక్కల్లో కచ్చితత్వం, ఎదుటివారితో మాట్లాడే తీరు, జరిగిన పొరపాటును దాచకుండా పైవారికి చెప్పడం, ఇవే తర్వాత ఇంజినీరింగ్ చివరి ఏడాదిలో ‘సాఫ్ట్ స్కిల్స్’ పేరుతో వేరే ఫీజుకు అమ్ముడవుతున్నాయి. బస్తాలు మోయించడం, లారీ ఎక్కించడం మాత్రం పిల్లల పని కారాదు. మే నెల నల్లగొండ ఎండ సంగతి తెలిసినవారెవరూ మధ్యాహ్నం వారిని అక్కడ కూర్చోబెట్టరు. ఉదయం 8 నుంచి 11 వరకు ఉంచి ఇంటికి పంపితే చట్టానికీ ఆరోగ్యానికీ సరిపోతుంది.

చేనేత ఇళ్ల సంగతి వేరు. పోచంపల్లిలోనో పుట్టపాకలోనో పదిహేనేళ్ల అమ్మాయి సెలవుల్లో తల్లికి ఆసు పోయడంలో (కట్టు కట్టేముందు నూలును వరుసలుగా చుట్టడంలో), చిటికి కట్టడంలో (రంగు అంటకూడని చోట పోగులు ముడివేయడంలో) సాయపడుతుంది. గ్రాఫు కాగితం మీది డిజైన్‌ను చూసి ఏ పోగుల దగ్గర కట్టాలో, ఏ రంగు తర్వాత ఏ కట్టు విప్పాలో తేల్చుకోవడానికి లెక్కల బుర్ర కావాలి. అయితే కుటుంబ పని కాబట్టి ఆమె గంటలను ఎవరూ లెక్కించరు, ఆమె కష్టం చీర మజూరీలో కలిసిపోతుంది. ఆలేరు ప్రాంతానికి చెందిన చింతకింది మల్లేశం, ఒక్కో చీరకు వేలసార్లు చేయి తిప్పే తల్లి లక్ష్మి బాధ చూడలేక 1999లో ఆసు యంత్రం తయారుచేశారు. 2017లో పద్మశ్రీ అందుకున్నారు. చదువు లేకపోయినా ఫరవాలేదని చెప్పడానికి ఆయన పేరు వాడుకునేవారున్నారు. నాకు అందులో కనిపించేది వేరు. బడి మధ్యలోనే ఆగిపోయిన ఆ కుర్రవాడికి అప్పట్లో ఒక ఐటీఐ వర్క్‌షాపు తలుపు తెరిచి ఉంటే, ఏళ్లతరబడి ఒంటరిగా పడిన పాట్లలో కొన్నైనా తప్పేవి.

ఇక డబ్బు. పని నేర్పుతున్నామని చెప్పి ఊరికే చేయించుకోవడం వట్టి దోపిడీ. 1961 నాటి అప్రెంటిస్ చట్టం పద్నాలుగేళ్లు నిండినవారిని, ప్రమాదకర పరిశ్రమల్లోనైతే పద్దెనిమిది నిండినవారిని, స్టైపెండ్ ఇచ్చి తీసుకోమంటోంది. 30 మంది, అంతకు మించి సిబ్బంది ఉన్న సంస్థకు ఇది తప్పనిసరి, నలుగురి నుంచి 29 మంది వరకు ఉన్నచోట ఐచ్ఛికం. స్టైపెండ్‌లో నాలుగో వంతు, నెలకు 1,500 రూపాయలు మించకుండా, కేంద్ర ప్రభుత్వం భరించే పథకం కూడా 2016 నుంచి ఉంది. చిన్న ఊళ్ల వర్క్‌షాపులు దీన్ని వాడుకోవాలంటే ముందు ఆ ఆన్‌లైన్ నమోదు వారికెవరైనా చేసిపెట్టాలి. ఆ పని స్థానిక ఐటీఐకి అప్పగించవచ్చు.

ఒకేషనల్ ఇంటర్‌లో ఆన్ జాబ్ ట్రైనింగ్ ఎప్పటినుంచో ఉంది. 2020 జాతీయ విద్యా విధానం ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లలకు పది రోజులు పుస్తకాల సంచి లేకుండా స్థానిక వృత్తిదారుల దగ్గర గడపమంది. మధ్యలో మిగిలిపోయినవారు ఎంపీసీ, బైపీసీ, సీఈసీ విద్యార్థులు. ఒకేషనల్ అంటే మార్కులు రానివారి చదువన్న చిన్నచూపు పోవాలంటే ఇదే శిక్షణను, నెల రోజులైనా సరే, వీరికీ పెట్టి మెమోలో ఒక వరుస చేర్చడం మేలు. అమ్మాయిలను బయటకు పంపాలంటే తల్లిదండ్రులు జంకుతారు. ఆ జంకుకు కారణాలున్నాయి. కొనుగోలు కేంద్రాన్ని ముందు చెప్పడానికి అదీ ఒక కారణం. ఐకేపీ కేంద్రాలను నడిపేది ఊరి మహిళా సంఘాలే, తల్లో పిన్నో అందులో సభ్యురాలై ఉంటుంది, బస్సెక్కే పని లేదు. ఏటా సీజనుకు ముందు కలెక్టరేట్‌లో కేంద్రాల ఏర్పాటుపై సమీక్షలు జరుగుతాయి. కేంద్రానికి ఒక్క విద్యార్థిని చొప్పున కేటాయించే నిర్ణయం అక్కడే తీసుకోవచ్చు. ఆ విద్యార్థినికిచ్చే గౌరవ వేతనాన్ని సంఘాలకు వచ్చే కమీషన్‌లోంచే ఇవ్వమంటే మాత్రం ఆడవాళ్లు ఒప్పుకోరు, ఒప్పుకోనక్కరలేదు కూడా. ఆ మేరకు కమీషన్ పెంచాల్సింది ప్రభుత్వమే.