పికప్ తగ్గగానే టర్బో మీద పడకండి

పాత టర్బో డీజిల్ కార్ల గురించి వాట్సాప్‌లో ఓ సందేశం తెగ తిరుగుతోంది. అందులో ఉన్నది ఇదీ: పికప్ తగ్గి నల్ల పొగ వస్తే టర్బో (గాలిని నొక్కి ఇంజన్లోకి తోసేది) పోయినట్టే. టర్బో పైపులో ఆయిల్ కనిపిస్తే సీలు పోయినట్టే. పొగలో కొంత తిరిగి ఇంజన్లోకి పంపే ఈజీఆర్ వాల్వుకు రేకు అడ్డంగా బిగిస్తే ఇంజన్ బాగుపడుతుంది. లక్ష కిలోమీటర్లు దాటాక చిక్కటి 20డబ్ల్యూ-50 ఆయిలే పోయాలి. ఆపే ముందు ప్రతిసారీ ఐదు నిమిషాలు ఐడిల్‌లో ఉంచాలి. అంతా అబద్ధమని అనలేం. కానీ మొదటి మాట నమ్మి ఆటోనగర్‌కి వెళ్తే, ఓ క్లాంపుతో అయిపోయే పనికి వేలకు వేలు వదులుతాయి.

ఆ మొదటి మాటే చూద్దాం. నల్ల పొగకు అర్థం సాధారణంగా ఒక్కటే: పడిన డీజిల్‌కి సరిపడా గాలి సిలిండర్లోకి చేరలేదు. ఎయిర్ ఫిల్టర్ నుంచి ఇన్‌టేక్ మానిఫోల్డ్ (సిలిండర్లకు గాలి పంచే గొట్టం) దాకా ఆ గాలి వచ్చే దారి పొడుగుంది, అందులో టర్బో ఒక మజిలీ మాత్రమే. పికప్ తగ్గి పొగ దట్టంగా వస్తుంటే ముందు అనుమానించాల్సింది మాఫ్ సెన్సర్ (లోపలికి వచ్చే గాలిని కొలిచేది) తర్వాతి హోసుల్ని. సెన్సర్ గాలిని లెక్కపెట్టింది, ఈసీయూ (ఇంజన్ కంప్యూటర్) ఆ లెక్క ప్రకారం డీజిల్ కొట్టింది, గాలి మాత్రం చిరిగిన చోట బయటికి పోయింది. పికప్ తగ్గినా పొగ లేదంటే కథ వేరు. మురికి పట్టిన మాఫ్ ఉన్నదానికంటే తక్కువ గాలి చూపిస్తే ఈసీయూ డీజిల్‌ని కోసేస్తుంది. లేదా డీజిల్ ఫిల్టరే మూసుకుపోయి ఉంటుంది. చాలా పాత కామన్ రైల్ కార్లలో మాఫ్ ప్లగ్ పీకి ఒక రౌండు తిరిగి చూడొచ్చు. ఇంజన్ లైటు వెలుగుతుంది, పర్లేదు. పికప్ మెరుగైతే దొంగ దొరికినట్టే.

విశాఖలో ఈ హోసుల సంగతి మరీ ముఖ్యం. బీచ్ రోడ్డు, పెదజాలారిపేట, భీమిలి వైపు ఆరుబయట నిలిపే కార్లలో ఉప్పుగాలికి క్లాంపులు తుప్పు పట్టి వదులవుతాయి, ఇంటర్‌కూలర్ (టర్బో నుంచి వచ్చే గాలిని చల్లబరిచేది) రెక్కలు తెల్లగా పొడి రాలుతాయి. పోర్టు, మల్కాపురం వైపు బొగ్గు ధూళికి ఎయిర్ ఫిల్టర్ త్వరగా నిండుతుంది, మాన్యువల్ చెప్పిన దూరంలో సగానికే తీసి చూడాలి. ఇంజన్ చల్లారాక ఇంటర్‌కూలర్ హోసుల కింది వైపు చేత్తో తడమండి. ఆయిల్ తడికి దుమ్ము అంటుకుని జిగటగా ఉన్న చోటే సాధారణంగా లీకు ఉంటుంది. కంటికి కనపడకపోతే టర్బో మూతి దగ్గర మూత బిగించి, 0.5 బార్ మించకుండా గాలి పట్టించి సబ్బునీళ్లు చల్లాలి. బ్రీదర్ గొట్టం (ఇంజన్ లోపలి ఆయిల్ ఆవిరిని బయటికి తెచ్చేది) కలిసే చోటు దాటాకే మూత బిగించాలి. లేకపోతే గాలి ఇంజన్ అడుగున ఉండే క్రాంక్‌కేసులోకి పోయి ఆయిల్ సీళ్లను తన్నేస్తుంది.

తర్వాత స్కానర్ (ఈసీయూ లెక్కలు చూపే పరికరం). మనది సముద్రమట్టం కాబట్టి తాళం తిప్పి, ఇంజన్ స్టార్ట్ చేయకుండా చూస్తే మ్యాప్ సెన్సర్ (మానిఫోల్డ్‌లో గాలి ఒత్తిడి కొలిచేది) 100 కిలోపాస్కల్ దగ్గర చూపాలి. (అదే కారు అరకులో 90 దగ్గర చూపడం మామూలే, అది 900 మీటర్ల ఎత్తు.) ఇక్కడే 85 చూపిస్తే తప్పు సెన్సర్‌దో, ఎర్త్ వైరుదో. ఆ లెక్క సరిగ్గా ఉంటే ఆనందపురం-అనకాపల్లి రోడ్డు ఖాళీగా ఉన్న వేళ మూడో గేరులో 1500 ఆర్‌పీఎం నుంచి 3000 దాకా పూర్తిగా తొక్కి, ఈసీయూ అడిగిన బూస్ట్‌నీ (టర్బో ఇచ్చే గాలి ఒత్తిడి) వచ్చిన బూస్ట్‌నీ పక్కపక్కన చూడాలి. నడిపేది ఒకరు, స్కానర్ చూసేది మరొకరు. పి0299 కోడ్ వస్తే బూస్ట్ తగ్గిందని మాత్రమే అర్థం, ఆ కోడ్ ఎక్కడా టర్బో మార్చమని చెప్పదు.

చిన్న రబ్బరు పైపుల్ని కూడా వదలొద్దు. వాక్యూమ్‌తో నడిచే వీజీటీ టర్బోలో (లోపలి వేన్లు, అంటే రెక్కలు, కదిలే రకం) ఆ పైపు పగిలితే వేన్లు తెరుచుకునే ఉండిపోయి బూస్ట్ పడిపోతుంది. గాలి ఒత్తిడితో తెరుచుకునే మామూలు వేస్ట్‌గేట్ (ఎక్కువైన పొగను టర్బో పక్కనుంచి వదిలే తలుపు) రకంలో పైపు ఊడితే వేస్ట్‌గేట్ తెరుచుకోక బూస్ట్ హద్దు దాటుతుంది, ఈసీయూ లింప్ మోడ్‌లోకి (ఇంజన్ శక్తిని తగ్గించి కాపాడే స్థితి) వెళ్తుంది. వాక్యూమ్ రకంలో ఇంజన్ స్టార్ట్ చేయగానే వేన్లను కదిపే యాక్చుయేటర్ రాడ్ కదలాలి. కదలకపోతే పైపు, సోలినాయిడ్ (వాక్యూమ్‌ని అదుపు చేసే కరెంటు వాల్వు), వాక్యూమ్ పంపు వరసగా చూడాలి. బ్రేకు పెడల్ కూడా గట్టిపడి ఉంటే పంపు మీదే అనుమానం, రెండింటికీ వాక్యూమ్ ఇచ్చేది అదే.

ఇక "పైపులో ఆయిల్ కనిపిస్తే సీలు పోయింది" అన్న మాట. క్రాంక్‌కేసు బ్రీదర్ ఆవిరి టర్బో ముందే గాలిలో కలుస్తుంది కాబట్టి లోపల సన్నటి ఆయిల్ పొర ఉండడం సహజం. హోసు వంచితే ధార కారితేనో, నీలం పొగ వస్తేనో ఆలోచించాలి. అప్పుడు కూడా ముందు డిప్‌స్టిక్ చూడాలి, ఆయిల్ మ్యాక్స్ గీత దాటి ఉందేమో. తర్వాత టర్బో నుంచి సంపుకి (ఆయిల్ నిలిచే అడుగు తొట్టి) దిగే రిటర్న్ పైపు నలిగిందా, మూసుకుందా చూడాలి. ఆయిల్ మూత తీస్తే ఆవిరి బుసలు కొడుతుంటే లోపం పిస్టన్ రింగుల్లో ఉండొచ్చు, కొత్త టర్బో పెట్టినా కారుతూనే ఉంటుంది. షాఫ్టును వేళ్లతో పట్టి చూస్తే పక్కలకు కొంచెం ఆడడం మామూలే. లోపలికీ బయటికీ చేతికి తెలిసేలా ఆడినా, రెక్కలు హౌసింగ్‌ని రాసుకున్న గీతలున్నా టర్బో నిజంగానే పోయింది.

అలా పోతే మార్చండి, కానీ ఆయిల్ వచ్చే సన్నటి పైపు, దాన్ని బిగించే రంధ్రాల బాంజో బోల్టు కూడా మార్చండి. పాత మసి అందులోనే ఉంటే కొత్త టర్బో కొద్ది రోజులే బతుకుతుంది. ఆయిల్, ఫిల్టరు కొత్తవి వేయాలి. ఇంటర్‌కూలర్లో నిలిచిన ఆయిల్, విరిగిన ముక్కలు కడిగేయాలి. ఆయిల్ గాస్కెట్ల దగ్గర సిలికాన్ పూయొద్దు, ఊడిన ముక్క దారి మూసేస్తుంది. బిగించాక టర్బోలో కొంచెం ఆయిల్ పోసి, డీజిల్ కట్ చేసి పది సెకన్లు క్రాంక్ చేసి, అప్పుడు స్టార్ట్ చేయాలి.

ఇంటర్‌కూలర్లో ఆయిల్ నిలిచిన కారును నడపకండి. ఇంజన్ ఆ ఆయిల్‌నే తాగి తనంతట తానే రేజ్ అయితే తాళం తీసినా ఆగదు. మాన్యువల్ కారైతే టాప్ గేరు వేసి, బ్రేకు గట్టిగా తొక్కి, క్లచ్ వదిలి ఆపాలి.

ఈజీఆర్ రేకు సంగతి. వాల్వు తెరుచుకుని ఇరుక్కుంటే నల్ల పొగ, పికప్ తగ్గడం రెండూ వస్తాయి, అందుకే రేకు వేయగానే బాగైనట్టు అనిపిస్తుంది. కానీ వాల్వు తెరిచినప్పుడు మాఫ్ రీడింగ్ తగ్గాలని ఈసీయూ చూస్తుంది. తగ్గకపోతే పి0401 కోడ్ (ఈజీఆర్ ప్రవాహం చాలడం లేదని), ఇంజన్ లైటు, కొన్ని కార్లలో లింప్ మోడ్. నైట్రోజన్ ఆక్సైడ్లు పెరుగుతాయి. పీయూసీ (పొల్యూషన్ సర్టిఫికెట్) పరీక్షలో డీజిల్‌కి పొగ సాంద్రతే కొలుస్తారు కాబట్టి అక్కడ బయటపడదు, అంతే తేడా. వాల్వు విప్పి, కార్బ్ క్లీనర్‌తో మసి కడిగి, కొత్త గాస్కెట్ వేస్తే చాలాసార్లు సరిపోతుంది.

20డబ్ల్యూ-50 వాదనలో విశాఖ వరకు కాస్త పస ఉంది, ఇక్కడ గడ్డకట్టే చలి లేదు. అయినా టర్బో బేరింగులకు సన్నటి దారుల్లోంచి ఆయిల్ త్వరగా అందాలి, 1.3 మల్టీజెట్ లాంటి ఇంజన్లలో టైమింగ్ చెయిన్ టెన్షనర్ కూడా ఆయిల్ ఒత్తిడి మీదే ఆధారపడుతుంది. మాన్యువల్ ఒప్పుకుంటే 5డబ్ల్యూ-30 నుంచి కాస్త చిక్కటి 5డబ్ల్యూ-40కి వెళ్లండి, అక్కడితో ఆగండి. గ్రేడు కంటే ఆయిల్ ఆలస్యంగా మార్చడమే ఎక్కువ టర్బోలను చంపుతుంది.

ఐదు నిమిషాల ఐడిల్ అనవసరం. ఊళ్లో ట్రాఫిక్‌లో మెల్లగా ఇంటికొచ్చేసరికే టర్బో చల్లబడుతుంది. ఘాట్ ఎక్కిన వెంటనే, హైవే మీద వేగంగా వచ్చి ఆపినప్పుడు అర నిమిషం నుంచి నిమిషం చాలు. ఆ ఓపికేదో పొద్దున్నే స్టార్ట్ చేశాక మొదటి నిమిషంలో రేజ్ చేయకుండా ఉండడానికి వాడండి. ఆయిల్ ఇంకా అందని షాఫ్టు లక్ష ఆర్‌పీఎం దాటితే బేరింగు అరిగేది అప్పుడే.