పొల్యూషన్ సర్టిఫికెట్ గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ పొల్యూషన్ సర్టిఫికెట్ గారి దివ్య సముఖమునకు, హైదరాబాద్ రోడ్ల మీద ద్విచక్ర వాహనంపై తిరిగే ఒక సామాన్య పౌరుడు నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి అనడం మర్యాదే గానీ ఆ మాటలో సగమే నిజం. తమరు ప్లాస్టిక్ కవరు తొడుక్కుని డిక్కీలో, పొగ సోకని చోట, కులాసాగా ఉన్నారు. నేను సిగ్నలు దగ్గర ఏడు సీట్ల ఆటో వెనకాల ఉన్నాను.

కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు, 1989లోని 115వ నిబంధన తమరి పుట్టినిల్లని, రిజిస్ట్రేషన్ జరిగి ఏడాది దాటిన ప్రతి బండికీ తమరి తోడు తప్పనిసరని నాకు తెలుసు. తమరి జననం కూడా చాలాసార్లు చూశాను. పెట్రోలు బంకు మూలన ఒక పాత వ్యాను వెనుక తలుపు పైకెత్తి ఉంటుంది. లోపల కంప్యూటరు, ప్రింటరు, చుట్ట చుట్టిన పొడవాటి గొట్టం. కుర్రవాడు గొట్టాన్ని సైలెన్సరులో పెట్టి, నంబరు ప్లేటు కనబడేలా ఫొటో తీసి, మనం చిల్లర వెతుక్కునేలోగా తమరిని చేతిలో పెడతాడు. వెనుక వరుస పెరిగితే గొట్టానికి విశ్రాంతినిచ్చి, ఫొటోతోనే సరిపెట్టే వ్యాన్లూ లేకపోలేదు. ఫొటోలో ఏ బండీ పొగ వదలదు కాబట్టి అందరూ ఉత్తీర్ణులే.

సరే, గొట్టం నిజంగానే పెట్టారనుకుందాం. పెట్రోలు బండిలో తమరు చూసేది కార్బన్ మోనాక్సైడు, హైడ్రోకార్బన్లు. డీజిలు బండిలో పొగ ఎంత దట్టంగా ఉందన్నది. అదీ బండి మీద బరువు లేకుండా, నిలబెట్టిన చోటనే. పరుగు పందెగాడి ఆయాసాన్ని కుర్చీలో కూర్చోబెట్టి లెక్కించినట్లు. నైట్రోజన్ ఆక్సైడుల ఊసు తమరిలో ఉండదు. ఊపిరితిత్తుల లోలోపలికి దిగి నెత్తురులో కలవగల పీఎం 2.5 ధూళికి, అంటే రెండున్నర మైక్రాన్లకు మించని ఆ కణాలకు, తమరి కాగితంలో ఒక్క గడి కూడా లేదు. ఆ ధూళి ఏడాది సగటున ఘనపు మీటరుకు 5 మైక్రోగ్రాములు మించరాదని 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. మన దేశ ప్రమాణం 40. తమరు ఈ రెండింటిలో దేని పక్షమూ వహించకుండా, కొలవనే కొలవకుండా ఊరుకున్నారు. ఇంతటి నిష్పక్షపాతం న్యాయమూర్తులకు కూడా సాధ్యం కాదు.

అయితే ఈ లేఖ తమరి లోపాలు ఎంచడానికి కాదు, తమరు కాపాడుతున్న స్వేచ్ఛను కొనియాడడానికి. "నా బండి, నా పెట్రోలు, నా ఇష్టం" అనే పౌరుడికీ, "నా ఊపిరి" అనే పౌరుడికీ మధ్య తగువు చాలా పాతది. కాలుష్యం లేని నీరు, గాలి అనుభవించే హక్కు రాజ్యాంగం 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమేనని 1991లోనే సుప్రీంకోర్టు చెప్పింది. డీజిలు పొగ మనుషులకు క్యాన్సరు కలిగించగలదని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన సంస్థ 2012లో నిర్ధారించింది. ఇవి ఒక తక్కెడలో ఉండగా, రెండవ తక్కెడలో తమరిని ఒక్కరినే ఉంచితే చాలు, ముల్లు అటే వాలుతుంది. తమరు చేతిలో ఉన్న మనిషి పొగ వదిలే హక్కును రుసుము కట్టి కొనుక్కున్నవాడు. వెనుక దగ్గేవాడి దగ్గర ఏ కాగితమూ లేదు.

ఇక్కడ ఆటో అన్న పక్షాన కూడా ఒక మాట చెప్పాలి, లేకపోతే అన్యాయమవుతుంది. ఇంజను బోరుకొచ్చిందని అతనికీ తెలుసు. ఆ పొగ అందరికంటే ముందు పీల్చేది అతనే. కానీ బోరింగు పనికి బండి షెడ్డులో పెడితే ఆ రోజుల కిస్తీ ఎవరు కడతారు? నిక్కచ్చిగా పరీక్షించి బండి ఆపేస్తే అతని బతుకుతెరువు పోతుంది, వదిలేస్తే వీధిలో పసిపిల్లల ఊపిరి పోతుంది. ఇది నిజంగా తూచవలసిన బరువు. మరమ్మతుకు అప్పు ఇప్పించాలా, గడువు ఇవ్వాలా, కొత్త బండికి సాయం చేయాలా అని ఎవరో ఒకరు కూర్చుని తేల్చవలసిన లెక్క. తమరు ఉండగా ఆ అవసరం ఎవరికీ రాలేదు. ఆటో అన్నకు చలానా భయం తీరింది, అధికారికి రికార్డు నిండింది, పొగ మాత్రం యథాతథంగా ఉంది. పైగా అదే కాగితం, లక్షల రూపాయల డీజిలు కారులో అద్దాలు మూసుకుని ఏసీలో వెళ్లే అయ్యగారికి కూడా అంతే సులువుగా దొరుకుతుంది. ఆయనకు ఏ కిస్తీ బెంగా లేకపోయినా.

తమరు లేనిదే బీమా పునరుద్ధరించరాదని 2017 ఆగస్టులో సుప్రీంకోర్టు ఆదేశించినప్పుడు తమరి వైభోగం పతాకస్థాయికి చేరింది. ఆ షరతు వల్ల బీమా లేని బండ్లు మిగిలిపోతున్నాయని, ప్రమాద బాధితులకు పరిహారం దక్కడం కష్టమవుతోందని బీమా సంస్థలు మొరపెట్టుకోగా 2024 జూలైలో అదే న్యాయస్థానం దాన్ని ఎత్తివేసింది. గమనించారా, అక్కడ కనీసం ఒక హానిని ఇంకొక హానితో పోల్చి చూశారు.

చట్టం ప్రకారం తమరు లేకుండా పట్టుబడితే జరిమానా పది వేల రూపాయల దాకా ఉండవచ్చు, జైలు కూడా రాసి ఉంది. తమరిని చూపిస్తూ నల్లటి పొగ వదిలితే ఏమవుతుందో మా చౌరస్తాలో రోజూ చూస్తున్నాను: ముక్కుకు జేబురుమాలు కట్టుకున్న కానిస్టేబులు ఆటో ఆపి, కాగితం తిప్పి చూసి, గడువు ఉందని తేల్చుకుని, పొమ్మని చెయ్యి ఊపుతాడు. ఆటో కదలగానే ఆ పొగంతా ఆయన మీదనే పడుతుంది. ఆయన కళ్లు తుడుచుకుని తరువాతి బండిని ఆపుతాడు, తమరు ఉన్నారా లేరా అని అడగడానికి.

కాబట్టి నా విన్నపం ఒక్కటే. బండికి ఇచ్చినట్లుగానే, ఆ వెనుక నిలబడేవారికి కూడా అదే వ్యానులో, అదే రుసుముకు ఒక కాగితం ఇప్పించండి. నంబరు ప్లేటు లేదు కాబట్టి ఫొటోకు ముఖం చూపిస్తాను. గొట్టం ఎక్కడ పెట్టాలో ఆ కుర్రవాడికే వదిలేస్తున్నాను.

ఇట్లు,
తమరి గడువు తీరేదాకా దగ్గుతూ ఉండే
విధేయుడు