మా పెరటి గుండుమల్లె గారికి

మహాలక్ష్మీ సమానురాలైన గుండుమల్లె గారికి నమస్కరించి వ్రాయునది ఏమనగా, ఇక్కడ మేం క్షేమం. మీరు అంతకన్నా క్షేమమని తెలుస్తూనే ఉంది. మా వంటింటి కిటికీకి వెలుతురు రానంత క్షేమం.

ఇవాళ సాయంత్రం పక్కింటి పిన్నిగారు గోడ మీదుగా గిన్నెడు మొగ్గలు అందించారు. "మీ చెట్టు పూయదు కదా బాబూ, అమ్మాయిని మాల కట్టుకోమను" అన్నారు. మీ చెట్టు పూయదు కదా! ఆ మాట మిమ్మల్ని కాదన్నట్టు మీరు గాలికి హాయిగా ఊగుతున్నారు.

ఆవిడ చెట్టూ మీరూ ఒకే నర్సరీ నుంచి ఒకే ఆటోలో వచ్చారు. డిసెంబర్‌లో ఆవిడ నీళ్లు ఆపేసి, ఆకంతా దూసేసి, మోకాలెత్తుకి కత్తిరించి పారేశారు. నాకు కడుపు తరుక్కుపోయింది. "పచ్చటి చెట్టుని ఎందుకండీ" అని నీతులు కూడా చెప్పాను. "మల్లె కొత్త చిగురుకే పూస్తుంది బాబూ" అన్నారు. విన్నానా? గుండు కొట్టిస్తే తప్ప పూయరు కాబట్టే మీకా పేరొచ్చిందని నాకేం తెలుసు!

ప్రేమకొద్దీ యూరియా వేశాను. ఆకులు. ఉల్లిపొట్టు నీళ్లు, బియ్యం కడుగు, పులిసిన మజ్జిగ పోశాను. ఇంకా ఆకులు, పైగా చీమలు.

ఏప్రిల్ వచ్చింది. బండి దగ్గర మూర 40 రూపాయలు పెట్టి కొంటుంటే, "మీ ఇంట్లో చెట్టుంది కదా సార్" అని బండాయన కూడా!

నిజం చెప్పు, నీకు సిగ్గుందా? మేడ దాకా పాకావు. బట్టలారేసే తీగ లాక్కున్నావు. జనవరంతా నేను ఊరెళితే పక్కవాళ్లని బతిమాలి నీళ్లు పోయించాను. ఒక్క మొగ్గ, ఒక్కటంటే ఒక్క మొగ్గ పెట్టడానికి నీకు చేతకాలేదా? జాలిపడ్డందుకా ఇది?

ఇంతవరకు రాసి, కత్తెర పట్టుకుని పెరట్లోకి వచ్చాను. పోయిన నెల పిల్లల క్రికెట్ బంతికి గోడ మూలన నీ కొమ్మ ఒకటి విరిగింది, గుర్తుందా? అక్కడ జానెడు చిగురు. దాని చివర మూడు మొగ్గలు.

బంతికున్న తెలివి నాకు లేకపోయింది.

ఖాళీ గిన్నె తిరిగివ్వకూడదంటారు కదా. ఆ మూడూ అందులో వేసి పిన్నిగారికి ఇచ్చాను. ఆవిడ గిన్నెలోకి చూశారు, నీ వైపు చూశారు, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్లిపోయారు.

ఇట్లు,
కత్తెర ఇంకా లోపల పెట్టని
నీ యజమాని