ఆర్వో యంత్రం గారి దివ్యసముఖానికి

మహారాజశ్రీ ఆర్వో యంత్రం గారికి,

నమస్కారములు. ఉభయకుశలోపరి. వంటగదిలో సింకు పక్కన గోడకెక్కి, నీలిరంగు దీపం వెలిగించుకుని రాత్రింబవళ్లు కొలువుదీరి ఉండే తమకు ఈ నాలుగు ముక్కలూ రాయడానికి కారణం తమ మీద ద్వేషం కాదని ముందుగానే మనవి చేసుకుంటున్నాను. దేవుడి గదిలో దీపం కొండెక్కినా గమనించని ఇళ్లలో కూడా తమ దీపం ఆరిపోతే మంచినీళ్లు ముట్టే సాహసం ఎవరూ చేయరు. సర్వీసు కుర్రాడు వచ్చేదాకా ఇంటిల్లిపాదీ నాలుక పిడచకట్టుకుని వీధి గుమ్మం వైపు చూస్తూ కూర్చుంటారు. అంతటి ప్రతిష్ఠ గలవారితో మాట్లాడేటప్పుడు మర్యాద తప్పకూడదు గనుక, తమరు చేస్తున్న దానధర్మాల గురించి మాత్రమే ప్రస్తావిస్తాను.

తమరు కొళాయి నీళ్లను పుచ్చుకుని, లోపలి పంపుతో ఒత్తిడి పెట్టి, కంటికి ఆనని రంధ్రాలున్న ఒక పొర గుండా తోస్తారు. పొర దాటిన నీళ్లు ట్యాంకులో చేరతాయి, దాటలేనివి లవణాలను వెంటబెట్టుకుని సన్నని తెల్లగొట్టంలోంచి సింకులోకి జారిపోతాయి. మామూలు ఇళ్లలో ఒక లీటరు మంచినీళ్ల కోసం ఇలా జారిపోయేవి సుమారు మూడు లీటర్లు. నలుగురున్న సంసారంలో తాగడానికీ వంటకూ కలిపి రోజుకు 15 లీటర్లు కావాలనుకుంటే 45 లీటర్లు గొట్టం పాలవుతాయి. ఏడాది తిరిగేసరికి ఆ లెక్క 16 వేల లీటర్లు దాటుతుంది, అంటే 5 వేల లీటర్ల ట్యాంకర్లు మూడు. యాభై ఫ్లాట్ల అపార్టుమెంటులో అది 8 లక్షల లీటర్లు. వేసవి రాగానే అదే అపార్టుమెంటు సంఘంవారు ‘నీటిని పొదుపుగా వాడవలెను’ అని లిఫ్టులో కాగితం అంటిస్తారు. అందులో కారు కడిగే వాచ్‌మన్‌కు హెచ్చరిక ఉంటుంది, అంట్లు తోమే పనిమనిషికి హితవు ఉంటుంది, తమ ప్రస్తావన మాత్రం ఎక్కడా ఉండదు.

ఇంతకూ తమరు దానం చేస్తున్న ఆ నీళ్లు ఎవరివి? హైదరాబాదు సంగతే తీసుకుందాము. 1908లో మూసీ వరద నగరాన్ని ముంచెత్తాక కట్టిన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ ఒకప్పుడు ఊరి దాహం తీర్చేవి. ఊరు పెరిగి మంజీరను తెచ్చుకుంది, అదీ చాలక వంద కిలోమీటర్ల అవతలి నుంచి కృష్ణను, అంతకంటే దూరం నుంచి గోదావరిని మోటార్లతో ఎత్తి పోసుకుంటోంది. దారి పొడవునా కరెంటు కాల్చి, శుద్ధి కేంద్రంలో మడ్డి తేర్చి, వడగట్టి, క్లోరిన్ కలిపి ప్రజాధనంతో పంపిన నదీజలం తమ దగ్గరకు వచ్చేసరికి నాలుగింట మూడు వంతులు మురుగుకాలువకు ధారాదత్తమవుతోంది. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినా ఆ సొమ్ము ఎవరో ఒకరికి అక్కరకొస్తుంది. తమ దానం పుచ్చుకునే మురుగుకాలువ మాకొద్దు మొర్రో అని ఏనాటి నుంచో మొత్తుకుంటోంది.

చిత్రమేమిటంటే, తమరు పారబోసేవి చెడ్డ నీళ్లని కూడా చెప్పడానికి లేదు. లీటరులో 300 మిల్లీగ్రాముల లవణాలున్న నది నీళ్లు తమ లోపలికి వచ్చాయనుకుందాము. నాలుగు లీటర్లలోని లవణాలన్నీ దాదాపుగా మూడు లీటర్లలోకి చేరితే, గొట్టంలోంచి వచ్చే నీటిలో లీటరుకు సుమారు 390 మిల్లీగ్రాములుంటాయి. తాగునీటికి భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 కోరే హద్దు 500; మరో దిక్కు లేనప్పుడు 2000 దాకా ఒప్పుకుంటుంది. అంటే లవణాల లెక్క ఒక్కటే చూస్తే, తమరు ‘వ్యర్థం’ అని ముద్రవేసి తరిమినవి కూడా ప్రమాణానికి లోబడిన నీళ్లే. పరీక్షలో పాసైన నలుగురిలో ముగ్గురిని బయటికి నెట్టే బడిని నేనింతవరకూ చూడలేదు.

తమరు ఇళ్లలో కాలుమోపిన పద్ధతి కూడా ముచ్చటైనదే. టై కట్టుకున్న కుర్రాడొకడు బల్లమీద రెండు గాజుగ్లాసులు పెట్టి, ఒకదాంట్లో కొళాయి నీళ్లు, రెండోదాంట్లో తమ నీళ్లు పోసి, లోహపు కడ్డీలున్న నల్లటి సాధనాన్ని వాటిలో ముంచి స్విచ్చి వేస్తాడు. నిమిషంలో కొళాయి నీళ్లు పసుపు పచ్చగా మారి, ఆపైన ఇటుక రంగుకు తిరిగి, చివరికి బురదలాంటి తెట్టు కడతాయి. తమ నీళ్లు మాత్రం నిమ్మకు నీరెత్తినట్టు తేటగా ఉంటాయి. ‘ఇన్నాళ్లూ మీ పిల్లలు తాగింది ఇదేనమ్మా’ అని అతడు మెల్లగా అనేసరికి ఆ ఇల్లాలి గుండె జారి, చెక్కుపుస్తకం చేతిలోకి వచ్చేది. నిజానికి ఆ బురదలో ముఖ్యభాగం కడ్డీలోంచి కరిగిన ఇనుము. నీటిలో లవణాలుంటే కరెంటు పారుతుంది, కరెంటు పారితే ఇనుము కరుగుతుంది. తమ గ్లాసులో చిటికెడు ఉప్పు వేసి మళ్లీ స్విచ్చి నొక్కితే అదే బురద అక్కడా ప్రత్యక్షమవుతుందని ఇంటర్మీడియట్ చదివే ఏ పిల్లవాడైనా చెప్పగలడు. కాకపోతే అమ్మకం జరిగే వేళకు పిల్లలు కాలేజీలో ఉంటారు.

ఇప్పుడు ఆ కడ్డీల స్థానంలో పెన్నులాంటి టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాల మొత్తం) మీటరు వచ్చింది. నీటిలో కరెంటు ఎంత సులువుగా పారుతుందో చూసి, దాన్నిబట్టి లవణాలెన్నో అంచనా కట్టడమే దాని పని. క్రిములున్నాయో లేవో, పురుగుమందుల జాడ ఉందో లేదో దానికి తెలియదు. కొబ్బరినీళ్లలో ముంచితే వేలల్లో అంకె చూపిస్తుంది. ఆ అంకెనే నమ్మేవాళ్లు కోనసీమ కొబ్బరిబొండాన్ని విషంగా ప్రకటించి రోగులకు నిషేధించాలి.

తమ లోపల జరిగే కార్యక్రమం ఇంకా రసవత్తరం. నీటిని కాపాడమని ఊరివాళ్లు కలిపిన క్లోరిన్‌ను తమ బొగ్గు ఫిల్టరు తీసేస్తుంది. క్లోరిన్ పోయాక ట్యాంకులో క్రిములు పెరుగుతాయన్న బెంగతో వాటిని చంపే అతినీలలోహిత (యూవీ) దీపం పెడతారు. కాల్షియం, మెగ్నీషియం తీసేస్తారు. తీసేశాక నీళ్లు చప్పబడ్డాయని ‘మినరల్ కాట్రిడ్జ్’ పేరిట అవే మళ్లీ కలిపి, దానికి వేరే ధర కడతారు. అరిగిపోయిన కాట్రిడ్జులూ పొరలూ ఏటేటా చెత్తబుట్టలోకి వెళతాయి. ఏటేటా డబ్బు కట్టించుకునే నిర్వహణ ఒప్పందం (ఏఎంసీ) మాత్రం ఎన్నటికీ అరగదు.

ఇదంతా నేనొక్కడినే అంటున్న మాట కాదు. లవణాలు 500 మిల్లీగ్రాముల లోపున్న చోట తమ వాడకాన్ని నిషేధించాలనీ, మిగిలిన చోట్ల కనీసం 60 శాతం నీళ్లు తిరిగి దక్కేలా చూడాలనీ జాతీయ హరిత ట్రైబ్యునల్ 2019 మే నెలలోనే ఆదేశించింది. తమ తయారీదారులు సుప్రీంకోర్టు గడప తొక్కారు. ఆ తర్వాత కూడా తమరు మా గోడమీద నిక్షేపంగా ఉన్నారు.

న్యాయంగా మరొక మాట కూడా చెప్పాలి. నల్లగొండ జిల్లా ఫ్లోరైడ్ ఊళ్లలో, కనిగిరి ప్రాంతంలో, భూగర్భ జలంతో పళ్లు గారపట్టి ఎముకలు వంగిపోయిన మనుషుల మధ్య తమరు ఆపద్బాంధవులే. నదీజలం అందని చోట, బోరు నీళ్లు నోట పెట్టుకోలేనంత ఉప్పగా ఉన్న చోట తమను వద్దనడానికి నాకు నోరు రాదు. అవసరమున్న ఊరికి ప్లాంటు రూపంలో వెళ్లి, ఊరందరికీ కలిపి సేవచేసే తమ బంధువులకు దండం పెడతాను. నా అభ్యంతరమంతా, కృష్ణ ఒడ్డునో గోదావరి ఒడ్డునో కాపురముంటూ, పక్కింట్లో ఉందన్న ఒకే కారణంతో తమను గోడకెక్కించుకున్న ఇళ్ల గురించి. ఎర్రటి వరదనీళ్లలో చిల్లగింజ అరగదీసి కలిపి, మట్టి అడుగుకు దిగాక పైతేట వంచుకున్న లంకగ్రామాలవాళ్ల మనవలు, నీళ్లు కాచి చల్లార్చడానికి స్టవ్వు ఉండి కూడా తమ కాళ్లమీద పడుతున్నారు.

అందుచేత తమకు కొన్ని ఏర్పాట్లు తెలియజేస్తున్నాను. మా కొళాయి నీళ్లను ఒక సీసాలో పట్టి పరీక్షకు పంపుతున్నాము. లవణాల అంకె 500 లోపు వచ్చి, ఫ్లోరైడ్, నైట్రేట్ వంటివి హద్దు దాటకపోతే తమ స్థానంలో పొర లేని యూవీ ఫిల్టరు వస్తుంది, అదీ లేని రోజున కాచిన నీళ్లే తాగుతాము. ఈలోగా తమ తెల్లగొట్టానికి సింకులో చోటు లేదు. దాని కింద బకెట్టు పెట్టాము, ఆ నీళ్లతో ఇల్లు తుడుస్తాము, అంట్లను మొదటిసారి తొలుస్తాము, మరుగుదొడ్డిలో పోస్తాము. బోరు నీళ్లు వాడే ఇళ్లవాళ్లకు మాత్రం ఆ ఉప్పునీళ్లు తులసికోటలో పోయవద్దని వాళ్ల యంత్రాల ద్వారా తమరు కబురు చేయగలరు. ఏఎంసీ గడువు ముగుస్తోందని, ఇప్పుడే కడితే రాయితీ ఉంటుందని తమ కంపెనీవారు పొద్దున ఫోను చేశారు. పరీక్ష కాగితం చేతికొచ్చాకే జవాబు చెబుతామని అన్నాము.

ఇట్లు,
తమ గొట్టం కింద బకెట్టు మార్చే విధేయుడు