పార్కింగ్ స్తంభం గారికి ఒక విజిటర్ విన్నపం

అప్‌స్టేట్ న్యూయార్క్‌లోని ఒకానొక కాలేజీ ఊళ్లో, వీధి మలుపున వెలసిన పార్కింగ్ స్తంభం గారి దివ్యసముఖానికి,

నమస్కారాలు. తమరు పంపించిన నారింజ రంగు కవరు అందింది. వైపర్ కింద భద్రంగా పెట్టించారు. తెల్లారేసరికి అది అద్దానికి అతుక్కుని గడ్డకట్టింది. క్రెడిట్ కార్డు అంచుతో గీకి గీకి ఊడదీశాను. తమరికి పాతిక డాలర్ల జరిమానా కట్టాల్సింది కూడా ఆ కార్డుతోనేనట. ఏర్పాట్లు బాగున్నాయి.

చలికాలం చివర్లో తమ ఊరికి ఎవరూ సరదాకి రారని తెలుసు. జలపాతం చూద్దామంటే మెట్ల దారికి గేటు, తాళం, మంచు కరిగేదాకా రావద్దని బోర్డు. కాఫీ షాపుకెళ్తే పిల్లలంతా సెలవులకు వెళ్లారు, మూడింటికే మూసేశాం అని చీటీ. బూట్ల మీద రోడ్డు ఉప్పు తెల్లగా మ్యాపులు గీసింది. పక్క రాష్ట్రంలో ఫిబ్రవరి 2న ఉడుత జాతి జంతువునొకదాన్ని కలుగులోంచి లాగి, టోపీలు పెట్టుకున్న పెద్దమనుషులు వసంతం ఎప్పుడొస్తుందో అడుగుతారు కదా, దాని మాట నమ్మేవాళ్లు తమ వీధిలో ఒకసారి నిలబడాలి. ఇవేవీ నేను పట్టించుకోలేదు. మా అన్నయ్య కొడుకు అక్కడ సివిల్ ఇంజినీరింగ్‌లో పీహెచ్‌డీ చేస్తున్నాడు. వాణ్ణి చూసి పోదామని వచ్చానంతే.

తమరి ఒంటి మీద నాలుగు బోర్డులున్నాయి. అన్నీ చదివాను. పైన రెండు గంటల పార్కింగ్, ఉదయం 9 నుంచి సాయంత్రం 6 దాకా, ఆదివారం మినహా. దాని కింద పర్మిట్ ఉన్నవాళ్లకే అని, ఆ నియమం సోమవారం నుంచి శుక్రవారం వరకేనని చీమ తలకాయంత అక్షరాల్లో. మూడోది కారును ఎత్తుకుపోయే బొమ్మ. నాలుగోది సగం మంచుగుట్టలో కూరుకుపోయింది. బూటుతో తవ్వి బయటికి తీశాను. నవంబరు 1 నుంచి ఏప్రిల్ 1 వరకు, రాత్రి 2 నుంచి ఉదయం 6 వరకు, బేసి తేదీన బేసి నంబరు ఇళ్ల వైపు, సరి తేదీన సరి నంబరు ఇళ్ల వైపు మాత్రమే కారు పెట్టవలెను.

ఇది చూసి నేను బెదిరిపోతానని తమరు అనుకుని ఉంటారు. రాహుకాలం, వర్జ్యం, దుర్ముహూర్తం తప్పించుకుని గడప దాటే జాతి మాది. ఏ వారం ఏ దిక్కుకు వెళ్లకూడదో చెప్పడానికి వారశూల అని మాకొక శాస్త్రమే ఉంది. తేదీని బట్టి రోడ్డుకి ఏ పక్కన ఉండాలో చెప్పే స్తంభం మాకో లెక్కా? రాత్రి పడుకునేది ఏడో తారీఖున, రెండు గంటలకు అయ్యేది ఎనిమిది. కాబట్టి సరి వైపు. ముప్పై ఒకటి తర్వాత ఒకటొస్తే రెండూ బేసే కాబట్టి ఆ రాత్రి కారు కదపక్కర్లేదు, ఆ సూక్ష్మం కూడా పట్టుకున్నాను.

పైగా నేను వచ్చింది గడియారాలు ముందుకు జరిపే రాత్రి. 2007 నుంచి ఈ దేశంలో చాలాచోట్ల మార్చి రెండో ఆదివారం తెల్లవారుజామున రెండు కాగానే మూడైపోతుంది. తమ నిషేధమేమో రెండింటికి మొదలు. ఆ రాత్రికి రెండు గంటలనేదే లేదు! మా వాడు ఈ పాయింటు మీద కేసు గెలవొచ్చన్నాడు. నేను మాత్రం నియమాలు పాటించే మనిషిని. అర్ధరాత్రి లేచి, స్వెటర్ మీద కోటు, కోటు మీద వాడి కోటు వేసుకుని, కారును సరి వైపుకు తీసుకెళ్లి పెట్టాను. ముక్కు ఉందో లేదో చేత్తో తడుముకుని చూసుకున్నాను. నిద్ర కూడా పట్టింది.

తమ వంశచరిత్ర తెలియక కాదు. ప్రపంచంలో మొట్టమొదటి పార్కింగ్ మీటరును 1935 జులై 16న ఓక్లహామా సిటీలో నిలబెట్టారు. ఆలోచన కార్ల్ మెగీ అనే పత్రికా సంపాదకుడిది. దానికి రూపమిచ్చింది మాత్రం స్టిల్‌వాటర్ అనే కాలేజీ ఊళ్లో ఇంజినీరింగ్ చెప్పే హోల్గర్ థ్యూసెన్, అక్కడే చదువుకున్న జెరాల్డ్ హేల్. అంటే ఈ తలనొప్పి కాలేజీ ఊళ్లకు ఎక్కడినుంచో వచ్చింది కాదు. అక్కడ పుట్టి లోకం మీద పడింది. కాలిఫోర్నియాలోని బర్క్‌లీ యూనివర్సిటీకి చాన్సలర్‌గా పనిచేసిన క్లార్క్ కెర్, క్యాంపస్ నడిపేవాడికి సమస్యలు మూడే అన్నాడు: విద్యార్థులకు సెక్సు, పూర్వ విద్యార్థులకు ఆటలు, ప్రొఫెసర్లకు పార్కింగ్. విజిటర్ అనే ప్రాణి ఆయన లెక్కలోకే రాలేదు. అదే బర్క్‌లీలో నోబెల్ వచ్చినవాళ్లకు 'ఎన్ఎల్' (నోబెల్ లారియెట్) అని బోర్డు పెట్టి ప్రత్యేకంగా పార్కింగ్ ఇస్తారు. మా వాడికి ఈ సంగతి చెప్పి కాస్త ఉత్సాహపరచబోయాను. "బాబాయ్, ముందు నా థీసిస్ కానీ" అన్నాడు.

సరే, విషయానికొస్తాను. కవరు విప్పితే అందులో బేసి లేదు, సరి లేదు. ఆ పరీక్ష నేను పాసయ్యాను. నేరం ఏమిటంటే, వాహనం కర్బుకు, అంటే రోడ్డు అంచున ఉండే గట్టుకు, 12 అంగుళాలకన్నా ఎక్కువ దూరంలో ఉన్నది.

ఏ కర్బు?

నిజంగా అడుగుతున్నాను. ఏ కర్బు? మా వాడు లోపలికెళ్లి టేపు పట్టుకొచ్చాడు. మోకాళ్ల మీద కూర్చుని, గ్లవ్ తీసి, టైరు నుంచి కొలిచాడు. టైరుకు ఆనుకుని ఐసు గోడ. దాన్ని సుత్తితో కొట్టి కన్నం పెడితే అవతల ఎక్కడో కర్బు తగిలింది. పదిహేడు అంగుళాలు. ఆ పదిహేడు అంగుళాలూ గట్టి ఐసే. డిసెంబరు నుంచి మంచు తోసే బండి రోడ్డు మధ్యలోంచి పక్కకు తోసింది, పగలు కాస్త కరిగింది, రాత్రి మళ్లీ బిగుసుకుంది, దాని మీద ఇంకో పొర. ఇసుక, పొగ, సిగరెట్ పీకలు కలిసి నల్లగా తయారైంది. ఒక పొరలో ఎవరిదో ఊలు గ్లవ్ ఉంది. ఇంకో పొరలోంచి సైకిల్ చక్రం సగం బయటికి చూస్తోంది. మిగతా సైకిల్ లోపల ఉండే ఉంటుంది. మా వాడు సివిల్ ఇంజినీరు కదా, ఏ పొర ఏ నెలదో చెప్పడం మొదలుపెట్టాడు. నేను వినే స్థితిలో లేను.

రాష్ట్ర ట్రాఫిక్ చట్టంలో ఆ 12 అంగుళాలు ఉన్న మాట నిజమే, కాదనను. ఐసు గోడలోకి కారు ఎలా దూర్చాలో అందులో రాయలేదు.

ఇప్పుడు నాకు నిద్ర పట్టనివ్వని సంగతి చెప్తాను, కాస్త చెవి పెట్టండి. బేసి, సరి నియమం ఎందుకు పెట్టారు? ఒక రాత్రి ఒక పక్క ఖాళీ చేయిస్తే, మంచు తోసే బండి కర్బు దాకా వచ్చి ఊడ్చుకుపోవాలని. మర్నాడు రెండో పక్క. అంతేనా? మరి నవంబరు నుంచీ జనం రాత్రిళ్లు కార్లు అటూ ఇటూ మారుస్తూనే ఉన్నారు. పరీక్షలకు చదువుకునే పిల్లలు అర్ధరాత్రి పుస్తకం మూసి, చెప్పులేసుకుని, మంచులో కారు తీసి ఎదురు పక్కన పెడుతూనే ఉన్నారు. బండి కర్బు దాకా వచ్చి ఉంటే ఈ గోడ ఎక్కడిది? ఆ పదిహేడు అంగుళాల ఐసు మీ బండి అక్కడిదాకా రాలేదనడానికి సాక్ష్యం. మీరు పని చేయలేదని రుజువు చేసే వస్తువును పట్టుకుని నాకు జరిమానా వేస్తారా? తమరు, దయచేసి అని ఇంతసేపూ మర్యాదగా మాట్లాడాను. ఇక నావల్ల కాదు. నీకు సిగ్గుందా?

ఆ వీధి పొడుగునా ఒక్క కారును వదల్లేదు. అద్దం అద్దానికీ నారింజ కవరు. ఎదురింట్లోంచి గొడ్డలిలాంటి పలుగు పట్టుకుని ఒక ముసలాయన బయటికొచ్చాడు. తన కవరు తీసి, చదవకుండానే మడిచి జేబులో పెట్టుకుని, ఐసు కొట్టడం మొదలుపెట్టాడు. కోపం కూడా లేదు మనిషికి. నాకు ఒళ్లు మండింది.

అప్పీలు చేసుకోవచ్చని కవరు వెనక రాశారు. వారం మధ్యలో, ఉదయం పదింటికి, స్వయంగా హాజరు కావాలట. పాతిక డాలర్లు దక్కించుకోవడానికి సెలవు పెట్టి, నాలుగు గంటలు డ్రైవ్ చేసుకుని మళ్లీ ఈ ఊరికి రావాలి. వచ్చాక కారు ఎక్కడ పెట్టాలి? ఆఫీసు ముందు కూడా నీలాంటి స్తంభమే ఉంది, చూశాను. అక్కడ గంటే టైము. అప్పీళ్ల క్యూ అంతకన్నా పొడుగని మా వాడి రూమ్మేట్ చెప్పాడు, వాడు మొన్న అప్పీలు గెలిచి బయటికొచ్చేసరికి కారు మీద ఇంకో కవరు ఉందట.

డబ్బు కట్టేశాను. పీహెచ్‌డీ పిల్లాడి అడ్రసుకు నోటీసులు రావడం ఇష్టం లేక కట్టాను, నీ మీద గౌరవంతో కాదు. ఆన్‌లైన్‌లో కడితే కన్వీనియన్స్ ఫీజు అని ఇంకో మూడు డాలర్లు పట్టుకున్నారు. ఎవరి కన్వీనియన్సో రాయలేదు.

టేపు పట్టి తీసిన ఫోటో దీనితో జతచేస్తున్నాను. నలుగురికీ కనిపించేలా నీ ఐదో బోర్డుగా తగిలించుకో.

ఇట్లు,
సరి సంఖ్య వైపు, కర్బుకు పదిహేడు అంగుళాల దూరంలో,
ఒక విజిటర్